నమలనక్కర్లేని ముద్ద

శివాజీనగర్ చర్చి గోడకానుకొని నా కొవ్వొత్తుల అంగడి.
మేరీమాతకు తెల్లవి, దర్గాకు పచ్చవి,
కరెంటు పోయినోళ్లకు ఏదైనా ఒకటే.
దేచమ్మకు మాత్రం
ఏడాదికి ఎనిమిది మార్లు, మారుకొక రంగు.

డిసెంబరులో పొడుగు రాత్రికి యూల్ అనింది.
క్రిస్మస్ గిరాకీలో కలిసిపోయి నేను పట్టించుకోలే.
ఫిబ్రవరి మొదట్లో మళ్లీ వచ్చింది. ఇంబోల్క్ అంట,
మంచు కింద విత్తనం కండ్లు తెరిచే దినమంట.
మంచేడుందమ్మా అంటే
రోడ్డుకవతల చూపించింది:
ఆకొక్కటీ లేకుండా విరగబూసిన గులాబీ రంగు చెట్టు,
ఆటోల టాపుల మీద రాలతా ఉంది.
"మా పుస్తకం చలిదేశంలో రాసినారక్కా,
ఈ చెట్టును చూసి నేను దిద్దుకుంటా ఉండా."

పగలూ రాత్రీ సరితూగే నాడు కానుగ చిగురు రంగువి కావాలనింది.
మైనం తూచే నా తక్కెడ
ఒక్కనాడూ అట్ల నిలబడలే.

మే ఒకటికి బెల్టేన్. మిద్దె మీద మంటేసి దూకాలంట.
ఇంటి ఓనరు సిలిండరుందని అరిస్తే
పూలకుండీలో ఒక్క వత్తి ముట్టించి
ప్యాంటు మడుచుకొని దాటిందంట, కొడగు పిల్ల.

పొద్దు పొడుగైన నాడు పొద్దే కనపడలే, ఒకటే వాన.
పసుపువి అప్పిచ్చినా.
ఆగస్టులో తొలికోత రొట్టె తెచ్చింది, రాగిపిండిది.
రాయి. పక్క పంటితో కొరికినా.
ఆ పొద్దే అడిగినా, ఇదంతా ఏందమ్మా అని.

"విక్కా అంటారక్కా. నేను మంత్రగత్తెని."

బ్యాంకు కౌంటర్లో పేరు చెప్పినంత తేలిగ్గా.
నా చేతిలో చిల్లర జారిపోయింది.

మా పెద్దమ్మ ఓబులమ్మ
ఆ మాట తానుగా ఎప్పుడూ చెప్పుకోలే.
ఊరు చెప్పింది.
ఎవరి ఎనుమో చేపలేదని,
ఎవరి బిడ్డకో జ్వరం దిగలేదని.
గుండ్రాయితో. ముందు పండ్లన్నీ.
పండ్లు లేకుంటే మంత్రం పలకదంట.

ఆమెకు తెలిసిందల్లా వావిలాకు కాచేది,
ఏ కార్తెలో అనుములు చల్లాల్నో చెప్పేది.
దేచమ్మ చక్రానికి ఎనిమిది ఆకులు,
పెద్దమ్మ ఏడాదికి ఇరవై ఏడు.
ఆ తర్వాత పదకొండేండ్లు బతికింది,
సంకటి ముద్ద తుంచి పులుసులో ముంచి మింగతా.
నన్ను పిలిస్తే
పేరు రాదు, గాలొచ్చేది.

సెప్టెంబరులో మేరీ పండగ రద్దీ.
దేచమ్మ వచ్చి పోయిందంట, నేను చూడలే.

అక్టోబరు ఆఖర్న నల్లవి అడిగింది. సావిన్.
నల్లవి ఎవరూ కొనరు, నేను పెట్టను.
మైనం కరిగించి దీపపు మసి కలిపినా.
"పోయినోళ్లకు విస్తరి వేస్తామక్కా.
ఎవరూ మాట్లాడకుండా తినాల. నువ్వూ రా."

కాక్స్ టౌన్లో మూడో మిద్దె. తుంపర.
రేకుల కింద ఏడుగురం.
దేచమ్మ వాళ్ల అవ్వకు కడంబుట్టు పెట్టింది.
ఒకాయన వాళ్ల నాయన విస్తరిలో
అన్నం పక్కన సిగరెట్టు పెట్టినాడు.
నేను డబ్బా మూత తీసినా.
మెత్తగా, ఇంకా ఆవిరి పోతా,
నమలనక్కర్లేని ముద్ద.

ఎవరికని ఎవరూ అడగలే. అడగకూడదు.
నల్ల వత్తి ఒకతూరి వంగి లేచింది,
గాలే అయ్యుండొచ్చు.
గాలైతే మాత్రం ఏమి,
నా పేరు ఆమె నోట్లో అట్లే ఉండేది.
మాటలు లేని ఆ పంక్తిలో
పండ్లు లేనామె
ఎవరికీ తక్కువ కాలే.

తెల్లారి, రేపటి సమాధుల పండగకని
తెల్లవి అడుగుతా ఒకటే జనం.
చిల్లర ఇస్తా ఇస్తా చూసుకున్నా,
గోళ్ల సందుల్లో మసి.
సబ్బుంది. కడుక్కోలే.